సందు

బ్యాటరీకి తెలిసిన మాట ఒకటే: పో.
ఎర్రవైర్లో బయల్దేరి నల్లవైర్లో చేరేదాకా
వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు దానికి.
గోడలో ఉండే కరెంటు అట్ల కాదు,
సెకనుకు యాభైసార్లు పోతాది, యాభైసార్లు వస్తాది,
బీగం ఏసినానా లేదా అని
మళ్ల మళ్ల ఇంటికొచ్చినోడి మాదిరి.
మొదటిదానికి రెండోదాని నడక నేర్పాలని
యాభై రెండేండ్లకు నాకు బుద్ధి పుట్టింది.

ఆదోని జిన్నింగు మిల్లులో
ఇరవై ఏండ్లు పత్తిబోరాలు తూచినోణ్ణి.
నాకు తెలిసిన ముల్లు మధ్యన నిలబడేది.
మిల్లుకు తాళం పడినంక చేతులు ఊరికే ఉండలేక
మౌలాలి తుక్కంగట్లో పాత యూపీఎస్ పొట్ట చీల్చి
ఒక ట్రాన్స్‌ఫార్మరు, రెండు మాస్‌ఫెట్లు పట్టుకొచ్చినా.
"నూటాఇరవై ఇయ్యి వన్నూరప్పా,
కాల్చుకున్నంక మళ్ల రా" అన్యాడు.
తెలిసే అన్యాడు.

సుంకమ్మ అడిగింది: "దీనికి మిక్సీ తిరుగుతాదా?"
తిరగదు.
"ఫ్యాను?"
మూలుగుతాది.
"బల్బు?"
వెలుగుతాది.
"బ్యాటరీకే పెట్టే బల్బు బజార్లో దొరకదా?"
దొరుకుతాది. ముప్పై రూపాయలు.
ఆమె ఇంకేమీ అడగల్యా.
చాట తీసుకోని బయటికి పోయింది.

నెలలో నాలుగు జతలు కాలినాయి.
కాలేముందు అవి చెప్పవు,
వేలికి తెలుస్తాది, లేదంటే ముక్కుకు.
మూడుకాళ్ల పురుగుల మాదిరి
కిటికీ మింద వరసగా పెట్టినా.
లెక్క సరిగ్గానే ఉంది:
ఒకటి తెరిస్తే ఒకటి మూయాల,
ట్రాన్స్‌ఫార్మరును ఈ పక్కకొకసారి ఆ పక్కకొకసారి ఊపాల.
ఊపుతానే ఉండాయి.
కాల్తానే ఉండాయి.

ఆ పొద్దు బ్యాడిగి మిరపకాయలు గలగలా ఎండినాయని
మా సందులో రోలు కాడ చేరినారు
సుంకమ్మ, ఎదురింటి ఖాసింబీ.
ఒకే రోలు, రెండు రోకండ్లు,
ముక్కులకు కొంగులు.
హుఁ అంటే ఒకటి, హుఁ అంటే ఒకటి.
తుమ్ముకుంటా వాకిట్లోకొచ్చినా, తిట్టేదానికే.
తిట్టల్యా.
సుంకమ్మ రోకలి రోలు దాటి పైకొచ్చేదాకా
ఖాసింబీది దిగడంల్యా.
మధ్యన రవ్వంత సేపు
రోట్లో ఏ రోకలీ లేదు,
కారం ఒక్కటే ఉంది.

"ఇద్దరూ ఒకేసారి దించితే ఏమైతాది?" అంటి.
ఖాసింబీ ఎడమచేతి బొటనవేలు చూపించింది.
గోరు లేదు.
"మీ ఆమె కాపురానికొచ్చిన కొత్తలో.
అప్పుడు తొందర ఎక్కువ."

లోపలికొచ్చి చూసుకుంటే నా రెండు రోకండ్లు
ఒకటి లేవకముందే ఇంకొకటి దిగుతాండాయి.
రెప్పపాటు కూడా కాదు, దాంట్లో ఎన్నో వంతో.
ఆ రవ్వలోనే బ్యాటరీ బలమంతా
రెండింటి మింద పడతాంది.
గేటుకొక రెసిస్టరు, దానికి జతగా ఎదురుమొగం డయోడు:
వచ్చేటప్పుడు నిదానంగా రా,
పోయేటప్పుడు బిర్రున పో.
చుట్టాలకు చెప్పలేని మాట
ఐదు రూపాయల సామానుకు చెప్పినా.

సందెమసకన కరెంటు పోయింది.
స్విచ్చు ఏసినా.
రేకుడబ్బాలో తుమ్మెద పడినట్టు
ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమన్యది.
నలభై వాట్ల బల్బు
మొదట ఎర్రగా సిగ్గుపడి, తర్వాత వెలిగింది.
వేలు పెట్టి చూసినా:
పొద్దున కాల్చిన రొట్టె
మధ్యాన్నానికి ఉండేంత వెచ్చన, అంతే.

బయట రోకండ్లు ఆగల్యా.
సందంతా చీకటి,
అయినా వాళ్లకు చూడాల్సిన పనే లేదు.
నేనే ఉండబట్టలేక
బల్బు పట్టుకోని వాకిట్లో నిలబడినా,
పెండ్లి ఊరేగింపులో పెట్రోమాక్సు మోసేటోడి మాదిరి.
సుంకమ్మ తలెత్తింది.
బల్బును చూసింది, నన్ను చూసింది.
"బానే ఉంది గాని
ఆర్పు. పురుగులు కారంలో పడతాయి."

ఆర్పినా.
గడప మింద కూర్చోని
చీకట్లో విన్యా,
ఒకటి,
ఒకటి.